నీలం సీసా

సోంపేట డయాలసిస్ వార్డులో
ఎనిమిది మిషన్లు, ఇద్దరు సిస్టర్లు.
ఇవాళ నేనొక్కదాన్నే.
హేమసుందరికి నడుం పట్టేసింది,
సెలవంటే జీతం కోతని తెలిసే సెలవు పెట్టింది.

తెల్లారకుండానే మా చిన్నది
నీలం సీసా నింపి సంచిలో పెట్టింది.
మూత మీద స్కెచ్ పెన్నుతో రాసింది,
‘ఖాళీగా తేవాలి’ అని.
కవిటి నుంచి బస్సులో నిలబడే వచ్చాను.
దారంతా ఆ బరువు భుజానికి తెలుస్తూనే ఉంది.

ఇక్కడ నీళ్లకు లెక్కుంది.
మంచమెక్కే ముందు మనిషిని కాటా ఎక్కిస్తాను.
మూడు కిలోలు పెరిగితే
ఎవరు పొయ్యమన్నారు అన్ని నీళ్లు, అని కోప్పడతాను.
‘జీడితోటలో ఎండ కాసిందమ్మా’ అంటాడొకడు తలొంచుకుని,
దొంగతనం ఒప్పుకున్నట్టు.

కోప్పడే నా నోట్లో
నాలుక అంగిటికి అంటుకుని ఉంటుంది.
తాగితే వెళ్లాలి.
వెళ్లాలంటే వరండా దాటి, ఓపీ దాటి,
తాళమేసిన గది ముందు నిలబడి
వాచ్‌మన్ కోసం కేకెయ్యాలి.
ఆ ఏడు నిమిషాల్లో
ఎవరి బీపీ జారిపోతుందో,
ఏ సూది కదిలి దుప్పటి ఎర్రబడుతుందో.
అంచేత తాగను.
ఇది నాకెవరూ నేర్పలేదు,
మొదటి నెల్లోనే ఒళ్లు దానంతటదే నేర్చుకుంది.

ఇంకా ఏవేవో నేర్చుకుంది ఈ ఒళ్లు.
ఇంట్లో కుక్కర్ కూస్తే
అలారం మీట కోసం గోడ తడుముతుంది.
నిద్రలో మా ఆయన ముంజేయి పట్టుకుని
ఫిస్టులా కొట్టుకుంటోందో లేదో వేలితో చూస్తానట.
‘నాకింకా రాలేదే’ అని నవ్వుతాడు,
నవ్వు సగంలో ఆపేస్తాడు.

రెండుసార్లు మంట, జ్వరం, మాత్రలు.
మూడోసారి ల్యాబ్ పాపినాయుడు నెత్తురు తీసి
చీటీ మడిచి చేతిలో పెట్టాడు.
మడత విప్పకముందే వాడి మొహం చదివేశాను.
ఒకటి పాయింట్ నాలుగు.
ఉద్దానంలో బడి పిల్లలకీ తెలిసిన లెక్కే.
మా బావిలో నీళ్లు చేశాయో
నేను తాగని నీళ్లు చేశాయో
ఏ డాక్టరునని అడగను?
చీటీ మళ్లీ మడిచాను.
రెండో షిఫ్టు వాళ్లు అప్పటికే కాటా దగ్గర నిలబడ్డారు.

నాలుగో మిషన్, మైలపల్లి దానయ్య,
బారువలో వలలేసిన చేతులు.
మూడో గంటలో కాలు పట్టేసింది.
వంగి పిక్క నొక్కుతుంటే
నరాలు తేలిన నా పిక్కా పట్టేసింది.
ఇద్దరం ఒక్కసారే ‘అబ్బా’ అన్నాం.
ముసలాయన నవ్వాడు.
నవ్వి, బల్ల మీద సీసా వంక చూశాడు.

‘ఏటమ్మీ, పొద్దుటి కాణ్ణించి అదలాగే ఉండిపోనాది?’
‘మీ ముందెలా తాగను తాతా’ అన్నాను.
సగం నిజం.
‘ఓలమ్మ! నువ్వెండిపోతే నాకేటొస్తాది?
తాగు. నా ముందరే తాగు.
గుటక సప్పుడు ఇని నాలుగేళ్లయినాది.
సంద్రం మీద తిరిగినోడిని,
సప్పుడు సాలు నాకు.’

మూత తీశాను.
మొదటి గుటకకి గొంతు నొప్పెట్టింది.
రెండోదానికి ఆయన కళ్లు మూసుకున్నాడు,
గొంతులో ముడి పైకీ కిందికీ కదిలింది
నాతో పాటే.
మూడోది నోట్లో ఉండగా
ఆరో మిషన్ అరిచింది.

అది మింగానో లేదో గుర్తు లేదు.

రాత్రి మా చిన్నది
సీసాని ట్యూబులైటు కింద పైకెత్తి చూసింది.
ఏమీ అనలేదు.
నీళ్లు వేలెడు దిగిన చోట
స్కెచ్ పెన్నుతో గీత గీసి
పక్కన తేదీ వేసింది.